లేపం కరిగిన తావు: తెలుగు కావ్యాల్లో హిమాలయ నడక

మనుచరిత్ర ద్వితీయాశ్వాసారంభంలో ప్రవరుడు చూసిన హిమాలయాన్ని గురించి తెలుగు విమర్శ చాలా మాట్లాడింది. అక్కడి దీర్ఘసమాసం, శబ్దగతి, మృదంగధ్వని పదేపదే వ్యాఖ్యకు నోచుకున్నాయి. ఆ పద్యాన్ని బిగ్గరగా చదివించని అధ్యాపకులు అరుదు. ఇంత చర్చలోనూ ఒక చిన్న ప్రశ్న మిగిలిపోయింది: ఆ పద్యంలో మంచు ఎక్కడ ఉంది? నింగిని తాకే శిఖరాల నుంచి దూకే సెలయేళ్లున్నాయి. ఆ అలల మోతకు పురివిప్పి ఆడే నెమళ్లున్నాయి. చరియల్లో తిరుగుతూ తొండాలతో సాలవృక్షాలను కదిలించే ఆడయేనుగులున్నాయి. నెమలి, ఏనుగు, సాలవృక్షం మూడూ హిమాలయ పాదసీమల అడవులకు చెందినవి. హిమానీనదాల ఎత్తుకు చెందినవి కావు. చలి పర్వతం పేరులో, అంటే శీతశైలమన్న మాటలో మాత్రమే ఉంది. పెద్దన వర్ణించింది పచ్చని లోయను. పేరు పెట్టింది మంచుకొండ అని.

కవి హిమాలయాన్ని చూడలేదని, కవిసమయం అలాగే ఉంటుందని దీనికి సమాధానం చెప్పవచ్చు. ఆ సమాధానం సగమే నిజం. కుమారసంభవారంభంలో కాళిదాసు మంచును దాటవేయలేదు. అనంతరత్నాలున్న కొండకు మంచు ఒక లోపమా అన్న ప్రశ్నను ఆయనే లేవనెత్తి, గుణాల రాశిలో ఒక దోషం మునిగిపోతుందని సమర్థించాడు. అంతకన్నా ముఖ్యమైనది కిన్నరస్త్రీల ప్రస్తావన. రాయిలా గట్టిపడిన మంచుదారి కాలివేళ్లనూ మడమలనూ బాధిస్తున్నా వారు తమ మందగతిని విడువరు. శృంగారం కోసమే వచ్చిన శ్లోకమైనా, అందులో మంచుమీద మోపిన పాదం ఉంది. కవిసమయంలో పాదానికి చోటు లేదనడానికి వీలులేదు. ప్రవరుని కాళ్లకు మంచు తగలకపోవడానికి కారణం కావ్యకథలోనే వెదకాలి.

ఆ కారణం పాదలేపం. అరుణాస్పదపురం నుంచి హిమాలయం దాకా ప్రవరుడు ఒక్క అడుగైనా శ్రమతో వేయలేదు. మెట్ట దిగలేదు, ఏరు దాటలేదు, ఎక్కడా మజిలీ చేయలేదు. నడవనివాడి కంటికి కొండ ఒక దృశ్యంగానే కనిపిస్తుంది. అందుకే పద్యం అంత నిండుగా, నిశ్చింతగా ఉంది. మిగిలిన వింతలు రేపు చూడవచ్చుననుకొని అతడు తిరుగుముఖం పట్టేటప్పుడు గానీ మంచు కావ్యంలోకి రాదు. అదీ ముందు చప్పుడుగా వస్తుంది: ఎండకు కాగిన సూర్యకాంతశిలల మీద మంచు చిమచిమలాడుతూ మధ్యాహ్నమైందని తెలుపుతుంది. ఆ తరువాత అదే మంచు కాలికింద నీరై లేపాన్ని కరిగిస్తుంది. మనుచరిత్రలో మంచు ఎప్పుడూ కరుగుతూనే ఉంటుంది. గడ్డకట్టి నిలిచినది లేదు. దాన్ని వర్ణన అనడం కన్నా సంఘటన అనడం సబబు. వరూధిని కన్నా ముందు ప్రవరుణ్ణి ఆపింది ఆ నీరే.

ఈ కల్పన పెద్దనది కాదు. మంచునీటికి లేపం కరిగి నడక మందగించడం సంస్కృత మార్కండేయపురాణంలోనే ఉంది. పెద్దనకు ముందే దాన్ని తెలుగు చేసినవాడు తిక్కన శిష్యుడైన మారన. ఆ కృతికి భర్త ఓరుగల్లు ప్రతాపరుద్రుని కొలువులోని నాగయ గన్నయ సేనాని. తెలుగులో ఈ మంచు మొదట కరిగింది కాకతీయ సేనానికి అంకితమైన గ్రంథంలోనన్నమాట. మారన కథను పురాణగతిలో చెప్పుకుపోతాడు. లేపం ఉన్నప్పటి చూపునూ లేపం పోయాక కలిగిన దిక్కుతోచనితనాన్నీ ఎదురెదురుగా నిలిపిన ఘనత పెద్దనదే. ఆయన హిమాలయంలో మంచు లేదన్న మాట నిందగా ఇక్కడ చెప్పడం లేదు.

ఈ విషయం చర్చకు ఎక్కువగా రాకపోవడానికి అలంకారశాస్త్రం నుంచి వచ్చిన అలవాటు కొంత కారణం. ఓరుగల్లులోనే పుట్టిన విద్యానాథుని ప్రతాపరుద్రీయం మహాకావ్యానికి చెప్పిన అష్టాదశవర్ణనల్లో శైలం ఒకటి, ప్రయాణం మరొకటి. ఆ ప్రయాణమైనా ప్రధానంగా రాజు దండయాత్రే. కొండను వర్ణనగానూ, పోకడను కథగానూ విడదీసి చూడడం విమర్శకు అలా అలవడింది. కొండమీది పోకడకు ఆ పట్టికలో గడి లేదు.

గడి లేకపోయినా కథ ఉంది. అరణ్యపర్వంలో పాండవులు రోమశమహర్షి వెంట గంధమాదనానికి ఎక్కిన ఘట్టం భారతీయ సాహిత్యంలోని సామూహిక పర్వతయాత్రల్లో మిక్కిలి వివరమైనది. నన్నయ తన సంగ్రహపద్ధతిలో చెప్పిన ఈ కథను వ్యాసభారతంతో కలిపి చదవాలి. సుబాహుని రాజ్యంలో పాండవులు రథాలనూ, ఇంద్రసేనాది పరిచారకులనూ, వంటవారినీ విడిచి కాలినడక పడతారు. నేటి యాత్రికుడు బండిదారి ముగిసిన ఊళ్లో బరువు దించుకోవడం లాంటిదే ఇది. గాలివాన వస్తుంది. ద్రౌపది సొమ్మసిల్లుతుంది. అల్లెతాటి రాపిడికి కాయలు కాచిన చేతులతో నకులసహదేవులు ఆమె అరికాళ్లు ఒత్తుతారు. ఇంత పెద్ద ఇతిహాసంలో ఇంత చిన్న పని ఇంత ఓపికగా చెప్పిన చోట్లు చాలా లేవు. అప్పుడు భీముడు తలచుకోగా ఘటోత్కచుడు వచ్చి ద్రౌపదిని మోస్తాడు. అతని తోడి రాక్షసులు పాండవులనూ బ్రాహ్మణులనూ మోస్తారు. ఆమెకు నొప్పి కలగకుండా మెల్లగా, తక్కువ ఎత్తున పొమ్మని కొడుకుకు భీముడు చెప్పిన మాట బరువు మోసేవారి నేర్పును గుర్తించిన మాట. రోమశుడొక్కడే తన తపశ్శక్తితో వెళతాడు. లేపం ఉన్నవాడు, మోయించుకునేవారు, మోసేవారు ముగ్గురూ ఒకే దారిలో కనిపిస్తారు. గుంపంతా చేరేది ఫలవృక్షాలతో పచ్చగా ఉన్న బదరికాశ్రమానికి.

మహాప్రస్థానిక పర్వంలో మోసేవారే లేరు. హిమవంతం దాటి, ఇసుక సముద్రం దాటి నడిచే గుంపులో ద్రౌపది మొదలు భీముని దాకా ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు వెనుదిరిగి చూడడు. ఒకే గుంపు, ఒకే పర్వతం. మొదటి యాత్రలో పడిపోయినామె కోసం అందరూ ఆగారు, రెండోసారి ఎవరూ ఆగలేదు. ఆ తేడాను ధర్మసూక్ష్మంగా మాత్రమే చదివితే ఆ నడకలోని కర్కశత్వం చేజారిపోతుంది.

కొండదారిని గుంపు వైపు నుంచి చూసిన తెలుగు కవి పాల్కురికి సోమనాథుడు. పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరే జనం ఉన్నారు. వారు పాడే తుమ్మెదపదాలు, పర్వతపదాలు, ఆనందపదాలు, వెన్నెలపదాలు ఉన్నాయి. వారు చూసే ఆటలున్నాయి. సాంస్కృతిక చరిత్రకారులు దీన్ని సమాచారపు గనిగా వాడుకున్నారు, అది న్యాయమే. అయితే ఆ జాబితాల పొడవుకు కావ్యప్రయోజనం కూడా ఉంది. గుంపు నడక ముగియనట్లే ద్విపద ముగియదు. ప్రవరుని సీమలో పద్యం ఒక్కచోట నిలిచి చూస్తుంది. పాలకుర్తి కవి ద్విపద జనంతో పాటు కదులుతుంది. శ్రీశైలంలో మంచు లేకపోవచ్చు. అయినా హిమాలయ యాత్రాకథనానికి తెలుగులో పూర్వరూపం వెదికేవారు పెద్దన కన్నా ముందు సోమనాథుని దగ్గరకు వెళ్లాలి.

ఆధునికకాలంలో పరిస్థితి విచిత్రమైనది. తూర్పుగోదావరి జిల్లాలో పుట్టిన స్వామి ప్రణవానంద కైలాస మానససరోవర ప్రాంతాన్ని ఏళ్ల తరబడి కాలినడకన పరిశీలించాడు. మజిలీల మధ్య దూరాల పట్టికలతో సహా 1949లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం మాత్రం ఇంగ్లీషులో ఉంది. 2014 మే 25న తెలంగాణ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. వారి శిక్షణ మొదలైంది భువనగిరి కొండమీద. పదమూడేళ్ల గిరిజన బాలిక శిఖరం చేరిన కథను శిఖరం దగ్గరే ఆపి చెప్పుకోవడం పరిపాటి అయింది. మంచుమీద నడిచిన రోజులు, తాళ్లు కట్టినవారు, బరువులు మోసినవారు, అన్నిటికన్నా ముఖ్యంగా దిగిరావడం ఆ కథలో పలచబడతాయి.

దిగిరావడం తెలుగు కావ్యాల్లోనూ అరుదే. ప్రవరుడు దిగలేదు, అగ్నిదేవుని అనుగ్రహంతో ఇల్లు చేరాడు. మహాప్రస్థానంలో దిగడమన్న ప్రసక్తి లేదు. దిగినది గంధమాదన యాత్రికులే. తిరుగుదారిలోనూ సెలయేళ్లు, చరియలు దాటించినవాడు ఘటోత్కచుడే. సుబాహుని రాజ్యంలో విడిచిపోయిన పరిచారకులూ వంటవారూ ఎదురైనాక, రథాలు మళ్లీ దొరికినాక, పాండవులు అతణ్ణి అనుచరులతో సహా అక్కడినుంచే పంపివేసి యమునవైపు సాగిపోయారు.