రాబట్టుకోవడం అనే విద్య

ఇచ్చినదాన్నీ, పోయినదాన్నీ తిరిగి తెచ్చుకోవడానికి తెలుగులో మాటలకేం కొదవ లేదు. వసూలు చేస్తాం. కక్కిస్తాం. ముక్కు పిండుతాం. కోర్టువారు జప్తు చేస్తారు, బ్యాంకువారు రికవరీ అంటారు. దొంగసొత్తు దొరికితే పోలీసులు దాన్ని 'స్వాధీనం' చేసుకున్నారని పేపర్లో చదువుతాం. ఎవరి స్వాధీనమూ అంటే, పోగొట్టుకున్న ఇల్లాలి స్వాధీనం మాత్రం కాదు సుమండీ! ఆ గొలుసు మళ్ళీ ఆవిడ మెళ్ళోకి రావాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి.

ఇన్ని మాటల్లోనూ నాకు బాగా యిష్టమైనది 'రాబట్టు'. 'రా'కి 'పట్టు' చేరి రాబట్టు అయింది. పాత పుస్తకాల్లో మధ్య ఓ అరసున్న కూడా వుంటుంది. దానంతట అది రాదు, వచ్చేటట్టు పట్టాలి అన్న సంగతి మాటలోనే వుంది. 'నువ్వు రాబట్టి సరిపోయింది' అంటామే, అక్కడి మనిషి తనంతట తను వచ్చాడు. 'వాడి దగ్గర డబ్బు రాబట్టాను' అంటే మాత్రం వెనక చాలా కథ వుందన్నమాట. ఎన్నిసార్లు తిరిగారో, ఎంత తియ్యగా మాట్లాడారో, ఏ పెళ్ళిలో నలుగురి మధ్య కదిపారో!

డబ్బుతోనే ఆగలేదు ఈ మాట. పోలీసులు దొంగ దగ్గర నిజం రాబడతారు. విలేఖరులు మంత్రుల దగ్గర సమాచారం రాబడతారు. సినిమా సమీక్షలు రాసేవారికైతే ఇది మరీ ముద్దు. 'దర్శకుడు కథానాయిక నుంచి చక్కని నటన రాబట్టుకున్నారు' అని రాస్తారు. ఆ పిల్ల నటన అంతా ఆయన దగ్గర అప్పు తీసుకున్నదైనట్టూ, ఎగ్గొట్టబోతుంటే ఆయన పట్టుకున్నట్టూ! అదే కథానాయకుడైతే 'తన పాత్రలో జీవించారు'. ఈసారి చదివేటప్పుడు గమనించండి.

ఇక 'వసూలు' సంగతి. ఇది అరబ్బీ నుంచి పారశీ, ఉర్దూల మీదుగా మనకి వచ్చిన మాట. చేరడం, అందడం అని దాని అసలర్థం. ప్రేమికులు కలుసుకోవడాన్ని ఉర్దూ కవులు 'విసాల్' అంటారు. ఆ విసాలూ, మన వసూలూ ఒకే ధాతువు బిడ్డలంటే నమ్మబుద్ధి కాదు కదూ! ఒకరు గజల్లోకి వెళ్ళారు, రెండోవారు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరారు. శిస్తు వసూలు, పన్ను వసూలు, చందా వసూలు, ఆఖరికి సినిమా వసూళ్ళు. ఎక్కడ చూసినా వసూలు వెనకాల ఒక పుస్తకం, ఒక రసీదు, ఒక అధికారం వుంటాయి.

రెండు మాటలకీ తేడా అక్కడే వుందని నాకనిపిస్తుంది. పద్దు వున్నచోట వసూలు. పద్దు లేనిచోట రాబట్టుకోవడం. మరి మన యిళ్ళల్లో ఆడవాళ్ళు ఇచ్చేవాటికి పద్దు ఎక్కడుంది? గ్లాసుడు పంచదార, కాస్త కాఫీపొడి, పండగరోజున అవసరానికి అయిదువందలు - అన్నీ చేబదుళ్ళే. పక్కింటి నుంచి వచ్చిన గిన్నెని ఖాళీగా పంపకూడదన్న మర్యాద ఒక్కటే అక్కడ చట్టం. వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, బైండు చేయించి దాచుకున్న తరం మనకి తెలుసు. ఆ బైండ్లు ఊళ్ళో ఎన్ని చేతులు మారాయో ఎవరూ రాసుకోలేదు. 'ఏమండీ, మా పుస్తకం...' అని అడగడానికే నోరు పెగిలేది కాదు. మగవాడు అప్పు అడిగితే వ్యవహారం తెలిసినవాడు. ఆడది తనది తను అడిగితే 'పీక్కు తింటోంది' అంటారు.

ఈ మాటని మనసులో పెట్టుకుని 'కన్యాశుల్కం' మళ్ళీ చదివితే నాటకం కొత్తగా కనిపిస్తుంది. గురజాడవారి నాటకం 1892లో ప్రదర్శన అయింది, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెరిగి, మారి మళ్ళీ వచ్చింది. మనం చదువుకునేది ఆ రెండో కూర్పునే. గిరీశం మాటల చమత్కారంలో పడి, మనం పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయల్ని ఇట్టే మర్చిపోతాం. సంతలో సామాను కొనిపెడతానని ఆవిడ దగ్గర పుచ్చుకుని, ఆ సొమ్ము మధురవాణికి తగలేశాడు మహానుభావుడు. వచ్చేపోయేవాళ్ళకి వండిపెట్టి బతికే విధవరాలికి ఆ రోజుల్లో ఇరవై రూపాయలంటే మాటలా! దానికి రసీదు లేదు, సాక్షి లేడు. ఆవిడ చేతిలో వున్నది చీపురుకట్ట ఒక్కటే. అది పట్టుకుని మధురవాణి యింటికే వచ్చింది. గిరీశం మంచం కింద దాక్కున్నాడు, దెబ్బ రామప్పంతులికి తగిలింది. మనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతాం. ఇంతకీ ఆ ఇరవై రూపాయలు వచ్చాయా? గిరీశం శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఊరు దాటేశాడు. ఆవిడకి దక్కింది మన నవ్వు.

రెండో ఆవిడ మధురవాణి. లుబ్ధావధాన్లు పెళ్ళి కోసం రామప్పంతులు ఆమె కంటె పట్టుకెళ్ళాడు. పెళ్ళికూతురు వేషంలో వున్న పిల్లవాడు మాయమయ్యాడు, కంటే మాయమైంది. ఆ పిల్ల సంగతి ముందే ఎరిగుండీ మధురవాణి పంతుల్ని వదలదు. నా కంటె తెచ్చేదాకా గడప తొక్కనివ్వనంటుంది. పూటకూళ్ళమ్మది కోపం, మధురవాణిది లౌక్యం. ఇద్దరికీ లేనిది ఒకటే, కాగితం. చుట్టూ మగవాళ్ళని చూడండి. అగ్నిహోత్రావధాన్లు దావాలకి డబ్బు ధారపోస్తాడు. రామప్పంతులికి కోర్టులే బతుకు. నాటకం నిండా ప్లీడర్లూ, సాక్ష్యాలూ, దస్తావేజులే. అన్ని కాగితాలున్న ఆ లోకంలో ఈ ఇద్దరాడవాళ్ళూ తమ సొత్తు కోసం కోర్టు గుమ్మం ఎక్కరు. ఒకరు చీపురు ఎత్తారు, ఒకరు తలుపు వేశారు. గురజాడవారు ఈ సంగతి మీద ఉపన్యాసం యివ్వలేదు. నవ్విస్తూనే చూపించి వూరుకున్నారు. అంచేతే ఆ నాటకం ఇంకా పాతబడలేదంటాను.

అదంతా ఎప్పటి మాటో అనుకోకండి. పుట్టింటివారు పెట్టిన నగలు అత్తవారింటి బీరువాలోకి వెళతాయి. కాపురం సవ్యంగా సాగినన్నాళ్ళూ అవి ఎవరివన్న ప్రశ్నే రాదు. చెడిన రోజున ఆ పిల్ల వాటిని 'రాబట్టుకోవాలి'. 1985లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, స్త్రీధనం పూర్తిగా భార్యదేననీ, భర్తా అత్తవారూ దాన్ని నమ్మకం మీద దాచినవారే తప్ప సొంతదారులు కారనీ, అడిగితే యివ్వకపోవడం నేరమనీ చెప్పింది. వరకట్న నిషేధ చట్టం కింద అదే ఏడు వచ్చిన నిబంధనలు ఇంకో మంచి పని చేశాయి. పెళ్ళిలో వధువుకి వచ్చిన కానుకలన్నీ ఒక జాబితాగా రాయాలి. వస్తువేమిటో, విలువెంతో, ఎవరిచ్చారో అందులో వుండాలి. వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ జాబితా వధువు దగ్గరే వుండాలి. చూశారా, పూటకూళ్ళమ్మకి లేని పద్దు ఇదే! మీరు వెళ్ళిన పెళ్ళిళ్ళలో ఎన్నిట్లో ఆ జాబితా రాయగా చూశారు?

ఆడవాళ్ళ పేర్లు పుస్తకాలకి ఎక్కవని కాదు. అప్పు పడ్డప్పుడు చక్కగా ఎక్కుతాయి. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ బాధ పడలేక పల్లెల్లో కొందరు ప్రాణాలే తీసుకున్నారని వార్తలొచ్చాయి. ఒకావిడ వాయిదా కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళని ఆవిడ యింటిమీదికి పంపడం, గుమ్మంలో కూర్చోబెట్టడం! ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదా సొమ్ము పంచాయతీ ఆఫీసులోనో, నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో పుచ్చుకోవాలి గాని బలవంతం పనికిరాదంది. ఆడవాళ్ళు ఇవ్వాల్సింది ప్రతి పైసా పద్దులో వుంది, వాళ్ళకి రావాల్సింది మాత్రం ఎక్కడా రాసి లేదు. ఈ లెక్క ఎవరు సరిచూస్తారు?

ఇంగ్లీషువాళ్ళు డబ్బుకీ జబ్బుకీ ఒకే రికవరీతో సరిపెట్టుకుంటారు. మనవాళ్ళు అలా కలపలేదు. ఒంటికి కోలుకోవడం వుంది, మనసుకి తేరుకోవడం వుంది. బురదనీళ్ళు కదపకుండా వుంచితే మట్టి అడుక్కి దిగి తేరుకుంటాయే, అదే మాట. తేరుకోవడానికి వూరుకోవాలి. రాబట్టుకోవడానికి వూరుకుంటే కుదరదు. మన ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచీ మొదటిది బాగానే నేర్పాం. 'పోనీలేమ్మా, వూరుకో' అని నేర్పాం. రెండోది నేర్పలేదు.

పద్దు రాయడం మనకి చేతకాదా అంటే, ఎందుకు కాదు? పెళ్ళిపందిట్లో చదివింపులు రాసే పుస్తకం చూడండి. ఎవరు నూటపదహార్లు చదివించారో, ఎవరు స్టీలు బిందె యిచ్చారో ఒక్కటి పొల్లుపోకుండా రాసి, పదేళ్ళయినా దాచి, వాళ్ళింటి పెళ్ళికి చూసుకుని మరీ యిస్తాం. ఆ పెద్దమనిషి పక్కనే ఇంకో నోటుపుస్తకం పెట్టి, పిల్లకి వచ్చినవి కూడా రాయించండి. పీటల మీంచి లేచేలోగా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి పిల్ల పెట్టెలో పెట్టండి. అపశకునమని ఎవరైనా అంటే, చదివింపుల పుస్తకం చూపించండి.