గుద్దకుండా గెలిచే ఐస్ హాకీ

ఐస్ హాకీ అంటే చాలామందికి తోపులాటలు, చేతి తొడుగులు విసిరేసి కలబడటాలే గుర్తొస్తాయి. మగవాళ్ల ఆటలో అది కొంత నిజమే. పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయిల ప్రపంచ చాంపియన్‌షిప్ తీరు వేరు. అందులో ఎదుటి మనిషిని ఒంటితో గుద్ది పడేస్తే కనీసం రెండు నిమిషాల పెనాల్టీ పడి, పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. ఆమె అక్కడ ఉన్నంతసేపూ జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. మరి పక్ అనే రబ్బరు బిళ్లతో దూసుకొచ్చే పిల్లను ఆపేదెలా?

కోచ్‌లు యాంగ్లింగ్ అనే విద్య నేర్పేది ఇందుకే. డిఫెండర్ ఎదురెళ్లదు. వెనక్కి స్కేటింగ్ చేస్తూ, మధ్యలో ఒక స్టిక్ దూరం ఉంచుకుని, కాస్త రింక్ నడుమకు జరిగి ఉంటుంది. దాంతో గోల్‌కు దారి మూసుకుపోతుంది, రింక్ అంచున ఉండే బోర్డుల వైపు ఖాళీ కనిపిస్తుంది. వచ్చే అమ్మాయి ఆ ఖాళీలోకే వెళ్తుంది, అక్కడ ఇరుక్కుంటుంది. ఖోఖోలో రన్నర్‌ను మూలకు తోలడం చూసినవాళ్లకు ఈ ఎత్తు ఇట్టే అర్థమవుతుంది. ఆపై స్టిక్ కొనతో పక్‌ను పొడిచి తప్పించడమో, ఎదుటి స్టిక్‌ను కిందినుంచి లేపి పక్ లాక్కోవడమో చేస్తారు. ఇంతసేపూ డిఫెండర్ చూపు పక్ మీద ఉండకూడదు, ఎదుటి అమ్మాయి ఛాతీ మీదే ఉండాలి. పక్‌ను అటూ ఇటూ ఆడించి ఏమార్చవచ్చు గానీ ఛాతీ ఎటు తిరిగితే మనిషి అటే వెళ్తుంది. పక్ కోసం పెనుగులాడేటప్పుడు భుజాలు తగలడం మాత్రం తప్పు కాదు. ఎక్కడిదాకా ఒప్పు, ఎక్కడినుంచి తప్పు అని రిఫరీతో వాదన ప్రతి మ్యాచ్‌లోనూ ఉండేదే.

ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ 2008లో కెనడాలోని కాల్గరీలో మొదలైంది. 2025 దాకా 17 సార్లు జరిగితే అమెరికా 9 సార్లు, కెనడా 8 సార్లు గెలిచాయి. మూడో దేశానికి కప్పు దక్కలేదు. ఇంత ఏకపక్షమైన పోటీని ఎందుకు చూడాలని అడగొచ్చు. అయితే 2023 సెమీఫైనల్లో స్వీడన్ 2-1తో అమెరికాను ఓడించింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని జూగ్‌లో చెక్ అమ్మాయిలు సెమీఫైనల్లో 4-2తో కెనడాను ఓడించారు. ఫైనల్లో స్వీడన్‌కు కెనడా చేతిలో 10-0, చెక్‌కు అమెరికా చేతిలో 5-1 ఓటమి తప్పలేదనుకోండి. కెనడాలో ఆడే ఆడపిల్లలు, మహిళలు కలిపి లక్ష దాకా ఉంటారు, చెక్‌లో కొన్ని వేలే. ఒంటిబలంతో పూడ్చలేని ఆ తేడాను ఒక్క మ్యాచ్‌కైనా పూడ్చేది యాంగ్లింగ్ లాంటి నేర్పేనని నా నమ్మకం.

మనదేశం 2025 దాకా ఈ పోటీలో ఆడలేదు. ప్రధానంగా లద్దాఖ్ అమ్మాయిలతో కూడిన భారత మహిళల సీనియర్ జట్టు 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3తో తొలి అంతర్జాతీయ విజయం సాధించింది, 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. గడ్డకట్టిన చెరువుల మీద చలికాలం రెండు మూడు నెలలు ఆడి ఎదిగినవాళ్లు వీళ్లు. యాంగ్లింగ్ లాంటి విద్య ఒంటబట్టాలంటే సాధన ఏడాది పొడవునా సాగాలి. లద్దాఖ్ బడిపిల్లలకు ముందు కావలసింది మంచు కరగని రింక్.