రెండో ఫోటో కోసం నడక

ఇరవై ఏళ్ళ కిందట నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు ఎట్లా ఉండేదో చూడాలంటే ఎవరింట్లోనన్నా పెళ్ళి ఆల్బం అడగాలి. ఊరేగింపు కారు వెనక, పెళ్ళికొడుకు భుజం మీదుగా, సగం తెగిపోయిన టీ అంగడి, ఒక సినిమా పోస్టరు, వంగిన కరెంటు స్తంభం కనిపిస్తాయి. మన చిన్న పట్నాల చరిత్ర చాలామటుకు ఇట్లా పెళ్ళిళ్ళ వెనక దాక్కుని ఉంది. ఊరిని ఊరి కోసం ఫోటో తీసినవాళ్ళు తక్కువ. గోపురాన్ని తీస్తారు, ఉదయగిరి దుర్గాన్ని తీస్తారు, పెన్నకు నీళ్ళొస్తే పరిగెత్తి వెళ్ళి తీస్తారు. దుర్గం రేపు కూడా ఉంటుంది. కింద బజారులో పెంకుటిల్లు ఉంటుందన్న నమ్మకం లేదు.

కాలినడకన తిరుగుతూ ఊరి మార్పును ఫోటోల్లో పట్టుకునే పని ప్రపంచంలో పాతదే. యూజీన్ అట్జే 1890ల చివరి నుంచి 1927లో చనిపోయేదాకా బరువైన పెట్టె కెమెరా మోసుకుంటూ పాత పారిస్ సందులన్నీ తిరిగాడు. ఆయన ఫోటోలను కాపాడిన బెరెనిస్ అబట్ తర్వాత న్యూయార్క్ మీద పడింది. 1930ల్లో పాత ఇళ్ళు కూలి ఆకాశహర్మ్యాలు లేస్తున్న ఆ నగరాన్ని వీధి వీధినా తీసింది. అరవై ఏళ్ళు గడిచాక డగ్లస్ లెవీర్ అనే ఫోటోగ్రాఫరు ఆమె నిలబడిన చోట్లే నిలబడి, అదే రుతువులో, అదే పొద్దులో మళ్ళీ తీశాడు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక వ్యాఖ్యానం అక్కర్లేదు.

మనకు లాలా దీన్ దయాళ్ ఉన్నాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి కెమెరా పట్టినవాడు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టినవాడు, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు. ఆయన 1905లో పోయాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నది ఒడ్డు బస్తీలను తుడిచిపెట్టింది. ఇవాళ మూసీ ఒడ్డు అనగానే మన కళ్ళ ముందు మెదిలే హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి రెండూ ఆ వరద తర్వాత లేచినవే. దీన్ దయాళ్ చూసిన హైదరాబాదులో అవి లేవు. అందుకే ఆయన గాజు పలకల నెగటివులకు అంత విలువ. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని భద్రపరిచింది. ఆయన తీసింది ఎక్కువగా మేడలూ, నవాబులూ, వేటలూ అన్న మాట నిజమే. అయినా హైదరాబాదుకు ఆ మాత్రం అదృష్టమన్నా ఉంది. ఆత్మకూరుకు దీన్ దయాళ్ రాలేదు.

ఆత్మకూరుకు దగ్గర్లోని సంగం సంగతే చూడండి. 1880ల్లో బ్రిటిషువాళ్ళు పెన్న మీద కట్టిన ఆనకట్ట శతాబ్దానికి పైగా కనిగిరి రిజర్వాయరుకు నీళ్ళిచ్చింది. వరదొస్తే పొదలకూరు వైపు రాకపోకలు నిలిచిపోయేవి. 2022 సెప్టెంబరు 6న కొత్త బ్యారేజీ ప్రారంభమైంది, దానితో పాటే రోడ్డు వంతెన. దానికి దివంగత మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. ప్రారంభం రోజు ఫోటోలు కోకొల్లలు. దానికి ముందు అదే గట్టు మీద ఎవరు ఎట్లా నడిచేవాళ్ళో, నీళ్ళు తగ్గాక ఏ రాయి పక్కనుంచి దాటేవాళ్ళో చూపే ఫోటోలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి?

ఇక పని ఎట్లా చెయ్యాలో చూద్దాం. కెమెరా ఖరీదుతో నిమిత్తం లేదు, ఫోను చాలు. జూమ్ మాత్రం ముట్టుకోవద్దు. 1x అని చూపే లెన్సుతోనే అన్నీ తియ్యండి, రేపు మళ్ళీ తీసేటప్పుడు లెక్క తేలికవుతుంది. ఫోనును పైకి ఎత్తి మేడను ఇరికించబోతే గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి. ఫోను నిటారుగా ఉంచి, నాలుగడుగులు వెనక్కి జరగండి. నెల్లూరు ట్రంకు రోడ్డు లాంటి ఉత్తర దక్షిణాల వీధిలో పొద్దున్నే పడమటి వరస అంగళ్ళ మొహాన ఎండ పడుతుంది, తూర్పు వరస సాయంత్రానికి తేరుకుంటుంది. షట్టర్లు తియ్యకముందు వెళ్తే అడ్డంగా మోటారు సైకిళ్ళుండవు, బోర్డులు పూర్తిగా కనిపిస్తాయి.

అసలు కిటుకు నిలబడే చోటులో ఉంది. దగ్గర్లో ఒక వస్తువు, దూరంగా ఒక వస్తువు ఎంచుకోవాలి. సంగంలో సంగమేశ్వరుడి గుడి దగ్గరైతే మెట్టు రాతి అంచు దగ్గరిది, దాని వెనక గోపురం దూరపుది అనుకోండి. ఆ రాతి అంచు గోపురాన్ని సరిగ్గా ఎక్కడ కోస్తున్నదో గుర్తు పెట్టుకోవాలి. ఒక అడుగు ఎడమకు జరిగితే ఆ కోత మారిపోతుంది. పదేళ్ళ తర్వాత వచ్చినవాడు పాత ఫోటో చేతిలో పెట్టుకుని అటూ ఇటూ జరుగుతూ, రెండూ మళ్ళీ అట్లాగే కలిసేచోట ఆగితే చాలు, మీ పాదాల గుర్తు దొరికినట్టే. ఇంకో మాట, దగ్గరి వస్తువుగా కరెంటు స్తంభాన్నో ఫ్లెక్సీనో నమ్ముకోవద్దు. రోడ్డు వెడల్పు చేస్తే మొదట పోయేవి అవే. రాయి, అరుగు, బావి గట్టు కాస్త మేలు.

ఫోటోలో తేదీ లేకపోయినా ఊరే చెబుతుంది, చూడ్డం తెలియాలి. బండి నంబరు ఏపీ 39తో మొదలైతే అది 2019కి ముందుది కాదు. అంతకు ముందు మన జిల్లా బళ్ళు మామూలుగా ఏపీ 26. ఆఫీసు బోర్డు మీద శ్రీ పొట్టి శ్రీరాములు పేరుతో జిల్లా రాసి ఉంటే 2008 తర్వాత రాయించింది. పోస్టరు మీద సినిమా పేరు చదవగలిగితే నెల కూడా తేలుతుంది. పోస్టర్లను చెత్తనుకుని పక్కకు తప్పించే ఫోటోగ్రాఫర్లను చూస్తే నాకు జాలి. వాళ్ళు క్యాలెండరును కోసి పారేస్తున్నారు.

అంగడి ముందు నిలబడి తీసేటప్పుడు అంగడాయన్ని ఒక్కమాట అడగండి. ఊరికే గోడ మీదికి కెమెరా ఎత్తితే మునిసిపాలిటీ కొలతలకు వచ్చారేమోనని గుండె జారుతుంది పాపం. అడిగితే మాత్రం, ఇంతకు ముందు ఇక్కడ ఏముండేదో, ఆ స్థలం ఎవరి చేతులు మారిందో ఆయనే చెప్పుకొస్తాడు. అది ఫోటో కన్నా విలువైనది, రాసుకోండి. బ్యారేజీ మీద, కాలువ తూముల దగ్గర సిబ్బందికి చెప్పి తియ్యడం మంచిది.

అందమైన ఫోటో కోసం పోయేవాడికి ఈ పని విసుగు. ఇందులో మొదటి ఫోటోకు పెద్ద విలువ లేదు, రెండోది వచ్చినప్పుడే దానికి ప్రాణం వస్తుంది. కాబట్టి ఏ సంక్రాంతికో ఊరికి వచ్చే బెంగళూరు, హైదరాబాదు పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఏటా వస్తారు, ఏటా అదే వీధిలో నడుస్తారు.

తీసినవి వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు. ఫోటో నలిగిపోతుంది, లోపల దాగిన తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. నిలబడిన చోటు, చూసిన దిక్కు, తేదీ ఒక కాగితం మీద రాసి, అచ్చు వేయించిన ఒక ప్రతిని మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి.