పైనుంచి పిలుపు

1976లో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో ఒక సినిమా షూటింగ్. హీరో పాల్ న్యూమన్. చిన్న లీగ్‌లో కొట్టుమిట్టాడే ఒక ఐస్ హాకీ జట్టు కథ. అందులో ముగ్గురు అన్నదమ్ముల పాత్రలున్నాయి. వాటికోసం ఆ ఊరి జట్టు జాన్స్‌టౌన్ జెట్స్‌కి నిజంగానే ఆడిన ముగ్గురు కార్ల్‌సన్ అన్నదమ్ముల్ని అనుకున్నారు: జాక్, స్టీవ్, జెఫ్. తీరా సమయానికి జాక్‌కి పైనుంచి పిలుపొచ్చింది. ఎడ్మంటన్ ఆయిలర్స్ అనే పెద్ద జట్టు ప్లేఆఫ్స్ ఆడటానికి రమ్మంది. వెళ్లిపోయాడు. అతని చోట్లో డేవ్ హ్యాన్సన్ అనే ఇంకో ఆటగాణ్ణి పెట్టుకున్నారు.

అంటే, కింది లీగ్ మీద తీసిన సినిమాలో జాక్ లేకపోవడానికి కారణం అతనికి పైన చోటు దొరకడమే. ఆ సినిమా పేరు ‘స్లాప్ షాట్’. 1977లో వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, మంచు మీద ఎవడు కనబడితే వాణ్ణి బాదేసే ఆ ముగ్గురు ‘హ్యాన్సన్ బ్రదర్స్’ హాకీ ప్రపంచంలో ఇవాళ్టికీ పెద్ద పేరు. పిలుపు అందుకున్న జాక్‌కి ఆ పేరు లేదు.

నేను ఈ సినిమాని మొదటిసారి పక్కా కామెడీగానే చూశాను, బాగా నవ్వుకున్నాను కూడా. చాలామంది రాసిందీ అదే: హింస మీద వ్యంగ్యం, బూతుల పండగ, న్యూమన్ సరదాగా చేసిన పాత్ర. రెండోసారి చూస్తున్నప్పుడు చివరి మ్యాచ్‌లో ఒక చిన్న సంగతి దగ్గర ఆగిపోయాను. అక్కణ్ణుంచి ఇది నవ్వుల సినిమాగా మిగల్లేదు.

ఆ సంగతి చెప్పేముందు ఈ ఆటలో మెట్ల లెక్క కొంచెం తెలియాలి. హాకీ అంటే మనకి పచ్చగడ్డి, ధ్యాన్‌చంద్. ఉత్తర అమెరికాలో హాకీ అంటే మంచు. పైమెట్టు మీద నేషనల్ హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్. దాని కింద 1936 నుంచి నడుస్తున్న అమెరికన్ హాకీ లీగ్. ఇప్పుడు పైన 32 జట్లు, కింద 32 జట్లు. కింది జట్టు ఒక్కొక్కటీ పైన ఒక జట్టుకి అనుబంధం. పైన ఎవడికైనా దెబ్బ తగిలితే కిందనుంచి ఒకణ్ణి పిలుస్తారు. వాడు కోలుకోగానే వీణ్ణి వెనక్కి పంపేస్తారు. చాలామందికి రెండురకాల జీతం రాసి ఉండే కాంట్రాక్టు ఉంటుంది. ఏ లీగ్‌లో ఉన్న రోజుకి ఆ లీగ్ రేటు.

గోల్స్ కొట్టాల్సిన బాధ్యత ప్రధానంగా ఫార్వర్డ్‌లది. ఒక మ్యాచ్‌కి జట్టుకి పన్నెండు మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లు. మొత్తం పైలీగ్ కలిపితే 384 చోట్లు. మొదటి రెండు లైన్లలో ఆల్రెడీ పాతుకుపోయిన మేటి ఆటగాళ్లుంటారు. కిందనుంచి వచ్చేవాడికి సాధారణంగా ఖాళీ కనిపించేది నాలుగో లైన్లో. అక్కడ పని వేరు: కొద్ది నిమిషాలే ఆట, ఢీకొట్టడం, షాట్‌కి అడ్డంగా పడటం, ఒకప్పుడైతే కొట్లాడటం. చిక్కంతా ఇక్కడే ఉంది. కింద గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నవాడికి పైన గోల్స్ కొట్టే ఉద్యోగం ఇవ్వరు. వేరే ఉద్యోగం ఇస్తారు, చేయగలవా అంటారు.

ఇప్పుడు సినిమా. చార్ల్స్‌టౌన్ చీఫ్స్ జట్టు. ఊరి మిల్లు మూతపడుతోంది, దాంతోపాటు జట్టు కూడా. వయసైపోయిన ప్లేయర్ కోచ్ రెజీ డన్‌లప్ (న్యూమన్) జట్టుని ఫ్లోరిడావాళ్లు కొనబోతున్నారని ఒక అబద్ధం పుట్టిస్తాడు. జనాన్ని రప్పించడానికి కొట్లాటలు మొదలెడతాడు. మొదట్లో చూసి చీదరించుకున్న హ్యాన్సన్ బ్రదర్స్‌నే బరిలోకి దింపుతాడు. టికెట్లు తెగుతాయి. జట్టులో అసలైన ఫార్వర్డ్ మాత్రం నెడ్ బ్రేడెన్. కాలేజీ చదువు చదివినవాడు, ఆట తెలిసినవాడు, గోల్స్ కొట్టేవాడు. కొట్లాడనంటాడు. దాంతో కోచ్ అతన్ని బెంచి మీద కూర్చోబెడతాడు.

చివరి మ్యాచ్‌కి ముందు రెజీ నిజం ఒప్పేసుకుంటాడు. కొనేవాళ్లెవరూ లేరు. ఓనర్‌కి అమ్మడంకన్నా మూసేస్తేనే పన్నులో లాభం. ఇదే మన ఆఖరి ఆట, కాబట్టి పాతకాలపు పెద్దల పేరు నిలబెట్టేలా శుభ్రంగా ఆడదాం అంటాడు. అందరూ ఒప్పుకుంటారు. శుభ్రంగా ఆడతారు, చావుదెబ్బలు తింటారు. విరామంలో మేనేజర్ వచ్చి అరుస్తాడు: బయట స్టాండ్స్‌లో ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్లు కూర్చున్నారు, మీ కొట్లాటలు చూద్దామని వచ్చారు, మీరేమో ఇలా ఆడుతున్నారు! అంతే. క్షణం క్రితం దాకా ఉన్న ఆదర్శం గాలికి పోతుంది. అందరికంటే ముందు రెజీయే మారిపోతాడు. మంచు మీద రక్తం.

నేను ఆగిపోయిన చోటు ఇదే. హాల్లో ఇక్కడ నవ్వు పేలుతుంది. కానీ స్కౌట్లు వచ్చారన్న మాట విన్నప్పుడు ఆ మొహాల్ని ఒకసారి చూడండి. ఇన్నేళ్లూ బస్సుల్లో తిరిగి, చవక మోటళ్లలో పడుకుని, ఎవరో ఒకరు చూడాలని ఎదురుచూసిన మనుషులు. చూడటానికి వచ్చారు సరే, దేన్ని చూడటానికి? ఈ ప్రశ్న సినిమా నోటితో అడగదు. జవాబు మాత్రం ముందే చెప్పేసింది.

‘జెర్సీ’లో రైల్వే స్టేషన్ సీన్ మనలో చాలామందికి గుర్తే. జట్టులోకి తీసుకున్నారని తెలిశాక అర్జున్ రైలు చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. ఆ సినిమాకి నేనూ ఏడ్చాను. అందులో దుఃఖం ఏంటంటే, ప్రతిభ ఉన్నవాణ్ణి పైవాళ్లు సమయానికి గుర్తించలేదు. గుర్తించి ఉంటే కథ సుఖాంతం అనే నమ్మకం దాని అడుగున ఉంది. ‘స్లాప్ షాట్’కి ఆ నమ్మకం కూడా లేదు. అక్కడ గుర్తింపు వస్తుంది. నీలో నీకే నచ్చనిదాన్ని గుర్తిస్తుంది.

ఇది రాసినామె నాన్సీ డౌడ్. ఆమె తమ్ముడు నెడ్ డౌడ్ జాన్స్‌టౌన్ జెట్స్ ఆటగాడు, ఎన్‌హెచ్‌ఎల్ దాకా చేరలేదు. లాకర్ రూములోకీ టీమ్ బస్సులోకీ టేప్ రికార్డర్ తీసుకెళ్లి అక్కడి మాటలు రికార్డు చేసి అక్కకి ఇచ్చాడట. సినిమాలో బూతు అంత సహజంగా ఎలా పలికిందో అర్థమవుతుంది. ఆ మాటల్లో స్వలింగ సంపర్కుల మీద వెటకారం, ఆడవాళ్ల మీద చులకన ఇవాళ వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఓనర్ కొడుకు గురించి రెజీ ఆమె మొహం మీదే అనే మాట మరీ నీచం. సినిమా వాటిని ఖండిస్తోందా, ఆనందిస్తోందా అంటే రెండూ చేస్తోంది. దాన్ని నేను సమర్థించను. కానీ ఆ మగాళ్ల కలకి ఇంట్లో ఎవరు ఖర్చు భరిస్తున్నారో కూడా ఈ సినిమాకి తెలుసు. భర్త ఊళ్లు తిరుగుతుంటే ఒంటరిగా తాగే లిలీ, ఇక చాలనుకుని తన దారి తాను చూసుకునే ఫ్రాన్సీన్. ఈ ఇద్దరి సీన్లలో కామెడీ ఊపిరి బిగబట్టుకుంటుంది.

‘స్లాప్ షాట్’ పక్కన తరచూ పెట్టే సినిమా ‘గూన్’ (2011). చూడ్డానికి హాయిగా ఉంటుంది. సరిగా స్కేటింగ్ కూడా రాని డగ్ గ్లాట్ అనే మంచివాడు కేవలం పిడికిళ్ల బలంతో కింది లీగ్ జట్టులో చేరతాడు. అదే జట్టులో జేవియర్ లఫ్లామ్ అనే అద్భుతమైన ఫార్వర్డ్. ఒక దెబ్బకి తల అదిరి, భయం పట్టుకుని, పైనుంచి కిందకి జారినవాడు. కథ ఎవరిది కావాలి? నా దృష్టిలో లఫ్లామ్‌ది. పైకి వెళ్లలేకపోవడం ఒక బాధ, వెళ్లగల శక్తి ఉండి శరీరం వణకడం ఇంకో బాధ. సినిమా దాన్ని ముట్టుకోదు. అతన్ని మత్తులో తూలే పొగరుబోతుగా చూపించి, డగ్ రక్తం చిందిస్తేగానీ బాగుపడనివాడిగా చేసేసింది. డగ్‌కేమో పైకి వెళ్లాలన్న తపనే లేదు. జట్టు తనని తనవాడనుకుంటే చాలు. తపన లేనివాడి చేత దెబ్బలు తినిపిస్తే మనకి అపరాధ భావం ఉండదు కదా, ‘గూన్’ హాయిగా ఉండటంలో రహస్యం అదే.

‘గూన్’ 2011 సెప్టెంబర్‌లో టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో తొలిసారి వేశారు. అదే సంవత్సరం మే నుంచి ఆగస్టు లోపల ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటలకి పేరుపడ్డ ముగ్గురు, డెరెక్ బూగార్డ్, రిక్ రిపియన్, వేడ్ బెలాక్, చనిపోయారు. సినిమా అంతకు ముందే తీసేశారు కాబట్టి తప్పు దానిది కాదు. కానీ ఇప్పుడు దాన్ని చూసేటప్పుడు ఆ వేసవిని పక్కన పెట్టి చూడలేను.

బూగార్డ్ జీవితం మీద జాన్ బ్రాంచ్ రాసిన ‘బాయ్ ఆన్ ఐస్’ (2014) చదవండి. కెనడాలో చిన్నచిన్న ఊళ్లు మారే పోలీసు కొడుకు, వయసుకి మించిన పొడుగు, స్కేటింగ్ అంతంతమాత్రం. టీనేజ్‌లో ఒక మ్యాచ్‌లో కోపం పట్టలేక అవతలి జట్టు బెంచిలోకే చొరబడి పిడికిళ్లు విసిరాడు. ఆ రాత్రి స్టాండ్స్‌లో రెజైనా పాట్స్ అనే జూనియర్ జట్టు స్కౌట్లున్నారు. పేరు రాసుకున్నారు. సినిమాలో నవ్వించిన సీన్ ఇక్కడ అక్షరాలా జరిగింది. అక్కణ్ణుంచి ఒక్కో లీగ్ ఎక్కుతూ పైమెట్టు చేరాడు. అతనూ ఫార్వర్డే. ఎన్‌హెచ్‌ఎల్‌లో 277 మ్యాచ్‌లు, 3 గోల్స్. నొప్పి మాత్రలు, మద్యం కలిసి 28 ఏళ్లకే ప్రాణం తీశాయి. తర్వాత పరీక్షిస్తే, తలకి పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే మెదడు జబ్బు అతనిలో ఉందని తేలింది. పైనుంచి పిలుపు అన్న మాటకి మన భాషలో ఇంకో అర్థం ఉంది. ఈ పుస్తకం చదువుతుంటే రెండు అర్థాలూ ఒకదాని మీదొకటి పడ్డాయి.

రెండో ఫార్వర్డ్‌ని చూడండి. డారెన్ హేడార్. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. 2006–07 సీజన్‌లో షికాగో వుల్వ్స్ తరఫున అమెరికన్ హాకీ లీగ్‌లో గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి 122 పాయింట్లు సాధించాడు. వరసగా 39 మ్యాచ్‌ల్లో కనీసం ఒక పాయింటు, అది ఆ లీగ్ రికార్డు. ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడతనే. మొత్తం కెరీర్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 23 మ్యాచ్‌లు.

277, 23. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే బ్రేడెన్ ఎవరో, హ్యాన్సన్‌లు ఎవరో తెలిసిపోతుంది. ఇవాళ కేవలం కొట్లాట కోసం మనిషిని పెట్టుకోవడం చాలా తగ్గిందనే మాట నిజం. నాలుగో లైన్‌కి ఇప్పుడు వేగం కావాలి, ఒళ్లు అడ్డంపెట్టే మొండితనం కావాలి. అడిగే వస్తువు మారింది. అడిగే తీరు మారలేదు. నీకు బాగా వచ్చింది పక్కన పెట్టి, మాకు కావలసింది చూపించు.

సినిమా చివర్లో బ్రేడెన్ ఏం చేస్తాడో గుర్తుందిగా. మంచంతా కొట్లాట. అతను బెంచి మీంచి లేచి వచ్చి, నింపాదిగా స్కేటింగ్ చేస్తూ ఒక్కొక్క బట్టా విప్పేస్తాడు. బ్యాండ్ వాయిస్తుంది, జనం ఈలలేస్తారు. అవతలి జట్టువాడు ఇదేం అసభ్యం అని రిఫరీ మీదికెళ్లి గుద్దేస్తాడు, దాంతో చీఫ్స్ గెలుస్తారు. రక్తం పరవాలేదు, బట్టలు విప్పడమే అసభ్యం అన్న వ్యంగ్యం అందరికీ తెలిసిందే. నాకు తోచింది ఇంకొకటి. జట్టులో అందరూ స్కౌట్లకి వాళ్లడిగింది చూపిస్తున్న సమయంలో బ్రేడెన్ వాళ్లకి పనికిరానిదే చూపించాడు. అంత అందంగా స్కేటింగ్ చేయగలిగినవాడి పేరు స్కౌట్లు రాసుకున్నారా? సినిమా చెప్పదు. రెజీకి మాత్రం వేరే ఊళ్లో కోచ్ ఉద్యోగం దొరికిందని, కుర్రాళ్లని తీసుకెళ్తానని అంటాడు. అతని మాట ఎంతవరకూ నమ్మొచ్చో మనకి ఈపాటికే తెలుసు.

ఇక ఆ అన్నదమ్ములు. జాక్ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో 236 మ్యాచ్‌లు ఆడాడు. సినిమాలో ఉన్న ముగ్గురిలో స్టీవ్ 52, డేవ్ హ్యాన్సన్ 33. జెఫ్‌కి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కటీ లేదు. జాన్స్‌టౌన్ జెట్స్, వాళ్లు ఆడిన లీగ్ సినిమా వచ్చిన ఏడాదే మూతపడ్డాయి. పదేళ్లు గడిచాక ఆ ఊరికి కొత్త జట్టు వస్తే దానికి సినిమాలో జట్టు పేరే పెట్టుకున్నారు, జాన్స్‌టౌన్ చీఫ్స్ అని. అదీ 2010లో ఊరు వదిలి వెళ్లిపోయింది.

‘స్లాప్ షాట్’ చూడండి. స్కౌట్లు వచ్చారన్న కబురు లాకర్ రూములోకి వచ్చినప్పుడు నవ్వొస్తే నవ్వండి, నాకూ వచ్చింది. తర్వాత బెంచి మీద కదలకుండా కూర్చున్న బ్రేడెన్ వైపు ఒకసారి చూడండి.