బూజు గుట్టు విప్పిన పనితనం

కృష్ణా డెల్టాలో వరి కోతలూ తుపానులూ ఒకే రోజుల్లో వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో బందరు, గుడివాడ, దివిసీమ చేలల్లో పనల మీద వాన పడితే కొంత గింజ మొలకెత్తుతుంది, కొంత రంగు మారుతుంది. రంగు మారిన ధాన్యానికి ధర పడిపోతుందని రైతుకు బాగా తెలుసు. తడిసిన గింజ మనిషిని ఏం చేయగలదో ఓపిగ్గా తేల్చినవాళ్ళు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఉండేవారు. వాళ్ళలో ముఖ్యుడు రమేశ్ వి. భట్. ఆయన పరిశోధనల్లో నన్ను కట్టిపడేసేది రుజువును పేర్చిన తీరు.

1974 చివర్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లాల్లో, 150కి పైగా గ్రామాల్లో కామెర్లు విరుచుకుపడ్డాయి. రోగుల పొట్టలో నీరు చేరింది. 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. కామెర్లనగానే ఎవరైనా ముందు అనుమానించేది వైరస్‌నే. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, భట్, నాగరాజన్, తిలక్ కుక్కలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఊళ్ళలో కుక్కలకూ అదే జబ్బు! మనుషుల కామెర్ల వైరస్ కుక్కలకు అంటదు. మనిషీ కుక్కా పంచుకునేది తిండి. పైగా జబ్బు, మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన గిరిజనులను దాటి పోలేదు. ఆ ఏడు కోతల ముందు అకాల వర్షాలు పడ్డాయి. మొక్కజొన్న నిండా ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు.

ఈ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేయగలదు. కానీ బూజు కనబడినంత మాత్రాన విషం ఉన్నట్టు కాదు, బూజు దులిపేస్తే విషం పోయినట్టూ కాదు. కాబట్టి విషాన్నే కొలవాలి. ఆ కాలపు పద్ధతి చూడముచ్చటైనది. విషం గింజలన్నిటికీ సమంగా పట్టదు; ఒక్క చెడ్డ గింజలో ఉన్నంత విషం పక్కనున్న వంద గింజల్లోనూ ఉండకపోవచ్చు. అందుకే బస్తాలో నాలుగు చోట్ల నుంచి తీసి, కలిపి, మెత్తగా పిండి చేస్తారు. పిండిలోంచి విషాన్ని ద్రావకంలోకి లాగి, వడగట్టి, చిక్కబరుస్తారు. సిలికా పూత పూసిన గాజు పలక అడుగున ఆ రసాన్ని చుక్కగా పెట్టి, పలక అంచును మరో ద్రావకంలో నిలబెడతారు. ద్రావకం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తున వదిలేస్తుంది. చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెడితే అఫ్లాటాక్సిన్ బి నీలంగా, జి ఆకుపచ్చగా వెలుగుతాయి. పరిమాణం తెలిసిన చుక్కను పక్కనే పెట్టి, రెండింటి వెలుగునూ పోల్చి, ఎంతుందో చెబుతారు. అనుమానం తీరకపోతే సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లుతారు. అఫ్లాటాక్సిన్ అయితే ఆ వెలుగు పసుపు రంగుకు మారుతుంది.

ఆ మొక్కజొన్నలో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల దాకా విషం తేలింది. రోజుకు 350, 400 గ్రాములు తినేవాడికి లెక్కగట్టి చూడండి: సుమారు 2 నుంచి 6 మిల్లీగ్రాములు. 1975లో లాన్సెట్ పత్రికలో వాళ్ళు ప్రకటించిన అంచనా అదే. తృణధాన్యాలకు నేడు మన దేశంలో ఉన్న పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అక్కడ తేలింది దానికి వెయ్యి రెట్ల దాకా ఉందన్నమాట.

సజ్జల్లో ఎర్గాట్ తెగులు వల్ల వాంతులు, తలతిరుగుడు వచ్చిన సంగతినీ కృష్ణమాచారి, భట్ 1976లో వివరించారు. ఆ తెగులు సోకిన గింజను ఏరే ఉపాయం మన రైతుకు కొత్తేమీ కాదు. విత్తన వడ్లలో తాలు తేలినట్టే, ఉప్పు నీళ్ళలో పోస్తే ఎర్గాట్ గింజ తేలిపోతుంది. 1987లో కాశ్మీరు లోయలో బూజు పట్టిన గోధుమల వంతు వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1995 నాటి దక్కను పీఠభూమి పరిశోధన. వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవాళ్ళకు అరగంట, గంటలోపే కడుపునొప్పి, పేగుల్లో గుడగుడలు, విరేచనాలు. భట్ బృందం 50 గ్రామాలు తిరిగితే 27 గ్రామాల్లో జబ్బు కనబడింది. గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే మరో శిలీంధ్ర విషం దొరికింది. వాళ్ళు అక్కడితో ఆగలేదు. ఆ ధాన్యాన్నే రోజు వయసు కోడిపిల్లలకు పెట్టారు. వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి. రోగి చెప్పిన మాట, ప్రయోగశాల చూపిన అంకె, కోడిపిల్ల ఒంటి తీరు మూడూ ఒకే మాట చెప్పాకే తీర్పు రాశారు.

ఇంత పని చదివాక డెల్టాలో కొన్ని అలవాట్లు మార్చుకోక తప్పదనిపిస్తుంది. వరి గింజలో అఫ్లాటాక్సిన్ ఎక్కువగా చేరేది తవుడులోకి. గుడివాడ వైపు మిల్లుల్లో ఆడిన తవుడు గేదెలకూ చేపల చెరువులకూ పోతుంది. గేదె తిన్న విషం రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. వంట వేడికి ఈ విషం చావదు. కాబట్టి ధాన్యాన్ని తేమ 14 శాతానికి దిగేదాకా ఆరబెట్టండి. తడిసి బూజుపట్టినదాన్ని మంచి రాశిలో కలపకండి. మనుషులు తినడానికి పనికిరాదనుకున్న గింజను పశువుల తొట్టిలో పోయకండి.