జాషువ కవితలో పెంపకం, పరిసరం, విశ్వాసం

గుర్రం జాషువ మతవిశ్వాసాన్ని గురించి విమర్శకులలో ఏకాభిప్రాయం లేదు. కొందరికి ఆయన క్రైస్తవ కవి. కొందరికి పురాణ సంప్రదాయాన్ని జీర్ణించుకొన్న భారతీయ కవి. మరికొందరికి దేవుణ్ణే నిలదీసిన హేతువాది. ఈ మూడు అభిప్రాయాలకూ ఆయన కావ్యాలలో ఆధారాలు దొరుకుతాయి కనుక ఏ ఒక్కదానినీ తోసిపుచ్చడానికి వీలులేదు; ఏ ఒక్కదానితోనూ తృప్తిపడడానికీ వీలులేదు. మనిషి పుట్టి పెరిగిన పరిసరాలే అతని విశ్వాసాన్ని నిర్ణయిస్తాయన్న సూత్రాన్ని జాషువకు అన్వయించేవారు, ఆ పరిసరాలు ఆయనకు నిజంగా ఏమిచ్చాయో విడమరచి చూడవలసి ఉంది.

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. తండ్రి వీరయ్య యాదవుడు, క్రైస్తవ బోధకుడు. తల్లి లింగమ్మ మాదిగ. ఇంట్లో క్రీస్తు ప్రార్థన. గడప దాటితే కులం. బాప్తిస్మం ఇంటిలోని పిలుపును మార్చింది గాని ఊరి చూపును మార్చలేదు. ఈ రెండింటి మధ్య దూరమే ఆయన బాల్యం.

ఆనాటి క్రైస్తవాన్ని గురించి ఒక తేలిక మాట వాడుకలో ఉంది: కరవులో గంజికోసం మతం మారారని. 1876-78 కరవులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకొని మాదిగలకు పని కల్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ రెండు వాస్తవాలను జోడించి తీర్పు చెప్పడం సులభం. కాని కరవు ఉధృతంగా ఉన్న కాలంలో క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశాడన్న సంగతిని ఆ తీర్పు పట్టించుకోదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథం మరొక ముఖ్య విషయాన్ని నమోదు చేసింది. క్రైస్తవం స్వీకరించిన మాదిగ పెద్దలలో కొందరు అంతకుముందే రాజయోగ గురువులను ఆశ్రయించినవారు. విగ్రహారాధనను కాదన్న బోధలు విన్నవారు. మాదిగపల్లె మతశూన్యమైన ఖాళీ స్థలం కాదు. మిషనరీ వచ్చేనాటికే అక్కడ ప్రశ్న ఉంది. చరిత్రకారులు దీనికి ఇవ్వవలసినంత ప్రాముఖ్యం ఇవ్వలేదనే చెప్పాలి.

జాషువ విషయంలో ఈ నేపథ్యానికి మరొక పరిసరం కలిసింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద ఆయన మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకొన్నాడు. బోధకుని కుమారుడు కాళిదాసును అభ్యసించడం ఆనాటి వినుకొండలో ఇరుపక్షాలకూ ఇబ్బంది కలిగించే పనే. పురాణగాథలను కావ్యాలుగా రాయడం క్రైస్తవ పెద్దలకు రుచించలేదు. సభలలో ఆయన పద్యం విన్నవారిలో కొందరికి ఆయన కులం రుచించలేదు. అన్నట్లు, హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు ప్రాణం పోసిన పద్యాలలో పలువురు నటులు చేర్చుకొన్నవి జాషువ శ్మశానవాటి ఖండికలోనివి. కవిని అంటరానివాడన్న ఊళ్లే ఆ పద్యాలకు తెల్లవార్లూ ‘వన్స్ మోర్’ కొట్టాయి.

1941 నాటి ‘గబ్బిలం’ ఈ పరిసరాలన్నీ ఒకచోట కలిసిన కావ్యం. గుడిలోకి ప్రవేశం లేని ఒక అస్పృశ్యుడు తన వ్యథను కాశీలోని విశ్వేశ్వరునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. గుడిలో దానికి అడ్డు లేదు. తలక్రిందులుగా వ్రేలాడుతూ శివుని చెవిదగ్గర మాట చెప్పగలదు. ఇక్కడొక ప్రశ్న అనివార్యం. క్రైస్తవ గృహంలో పెరిగిన కవి తన ఫిర్యాదును కాశీకి ఎందుకు పంపాడు? ఆయన చివరకు హిందువే అయ్యాడని ఒక సమాధానం. అది కేవలం కావ్యరూపం కోరిన అలంకారమని మరొక సమాధానం. రెండూ పొరపాటే. ఫిర్యాదు ఎప్పుడూ మూసి ఉన్న తలుపుకే చేరాలి. చర్చి తలుపు ఆ అస్పృశ్యునికి తెరిచే ఉంది. అందువల్ల అక్కడ విన్నవించవలసింది తక్కువ. గుడి తలుపు మూసి ఉంది కనుక మాట అక్కడికే వెళ్లింది. కావ్యరూపాన్ని ఇచ్చింది హనుమచ్ఛాస్త్రి పాఠం. వ్యథను ఇచ్చింది తల్లి పుట్టిన పల్లె. దేవుడు పేదవాని మొర వింటాడన్న నమ్మకానికి తండ్రి బోధ కొంత కారణమై ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటి తీసివేసినా గబ్బిలం ఎగరదు.

దీనికి విలోమంగా ‘క్రీస్తు చరిత్ర’ను చూడవచ్చు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ కావ్యంలో భక్తి ఉంది, పద్యశిల్పం ఉంది. ‘గబ్బిలం’లోని వేడి మాత్రం లేదు. పుట్టింటి దేవునితో జాషువకు తగవు లేకపోవడమే ఇందుకు కారణం. సుల్తాను చేతిలో వంచితుడైన పారశీక కవిని గురించి రాసిన ‘పిరదౌసి’లో ఆ వేడి మళ్లీ కనిపిస్తుంది. మతం పరాయిదైనా అన్యాయం పరిచితమే కదా. కనుక ఆయన కవిత్వంలో ఉద్వేగాన్ని కొలవవలసింది మతంతో కాదు, వంచనతో.

పరిసరాల సిద్ధాంతానికి ఇక్కడే హద్దు గీయాలి. వినుకొండ పల్లెలో ప్రార్థన విని పెరిగినవారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది నెమ్మదైన విశ్వాసులుగానే జీవించారు. ఎదురు ఉదాహరణ కావాలంటే గోరాను చెప్పవచ్చు. 1902లో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. అటువంటి ఆచారమే పాటించిన వేలాది ఇళ్లలో నాస్తికులు పుట్టలేదు. పెంపకం అందరికీ ఒకే పాఠం చెప్పినా, దానిని ఎక్కడ ప్రశ్నించాలో చెప్పదు.

ఈ రెండు కుటుంబాలు తరువాత ఒకటయ్యాయి. జాషువ కుమార్తె హేమలత గోరా కుమారుడు లవణంను వివాహమాడింది. బోధకుని మనుమరాలు నాస్తికుల ఇంటి కోడలైంది. తండ్రిని గురించి ఆమె ‘మా నాన్నగారు’ రాసింది. భర్తతో కలిసి స్టువర్టుపురం వెళ్లి, బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన కుటుంబాల మధ్య ఏళ్లపాటు పనిచేసింది. జాషువ తన కావ్యంలో ఫిర్యాదును గబ్బిలంతో పంపాడు. ఆమె తానే ఆ గడపలకు నడిచి వెళ్లింది.