కథ చూసేవాళ్ల ముఖాల్లో ఉంది

ఫణిగిరి శిల్పాల్లో ఒకదానిలో కథానాయకుడు కనపడడు, అతని తలపాగా మాత్రమే కనపడుతుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వచ్చాక కత్తితో జుట్టు కోసేసుకున్నాడనీ, ఆ జుట్టునూ తలపాగానూ దేవతలు తమ లోకానికి తీసుకుపోయి పండగ చేసుకున్నారనీ బౌద్ధుల కథ. శిల్పి ఎంచుకున్నది ఆ పండగనే. నడుమ తలపాగా, చుట్టూ దానివైపు తిరిగిన ముఖాలు. రాజకుమారుడి ముఖం ఎలా ఉంటుందో శిల్పి మనకు చెప్పడు. ఆయన వెళ్లిపోయాక లోకానికి ఏమైందో మాత్రం చూపిస్తాడు.

సూర్యాపేట నుంచి జనగామ దారిలో వెళ్లి కాస్త లోపలికి తిరిగితే ఫణిగిరి వస్తుంది. పడగ విప్పిన పాములా కనపడే గుట్ట కాబట్టి ఆ పేరు. నిజాం కాలంలో, 1940లలో ఇక్కడ మొదట తవ్వారు. మళ్లీ 2001 నుంచి 2007 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, బ్రాహ్మీ శాసనాలు, తోరణం దూలాలు బయటపడ్డాయి. ఆ తోరణ శిల్పం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి, ప్రపంచం నలుమూలల వాళ్లు చూసే ప్రదర్శనలో నిలిచింది. ఈ చుట్టుపక్కల పిల్లల్లో ఎంతమంది ఈ గుట్ట ఎక్కారో అని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

తొలి బౌద్ధ శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చూపకుండానే ఆయన కథ నడిపారు. ఖాళీ ఆసనం, రావిచెట్టు, పాదాల జాడ, చక్రం, మండే స్తంభం, ఇవే ఆయన ఉన్నాడనడానికి గుర్తులు. ఇల్లు విడిచే రాత్రిని చెక్కాలంటే కంథకం అనే గుర్రం గడప దాటుతూ ఉంటుంది, దాని వీపు మీద ఎవరూ ఉండరు, పైన గొడుగు మాత్రం పట్టి ఉంటుంది. ఎందుకిలా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. బుద్ధుణ్ణి రూపంలో పెట్టడానికి ఆ కాలం వాళ్లు సంకోచించారని చాలాకాలం అనుకున్నారు. అమెరికా పరిశోధకురాలు సుసాన్ హంటింగ్టన్ 1990లో దాన్ని ప్రశ్నించారు. ఈ ఫలకాల్లో చాలావాటిలో ఉన్నది బుద్ధుడి జీవితం కాదనీ, తర్వాతి భక్తులు పుణ్యస్థలాల్లో చేసిన పూజలనీ ఆమె వాదన. వాదన ఎటు తేలినా శిల్పి మీద పడ్డ బరువు ఒకటే. నడుమ ముఖం లేనప్పుడు కథను మోయాల్సింది చుట్టూ ఉన్న ముఖాలే.

ఆ బరువును వాళ్లు మోసిన తీరు గమనించాలి. ముందు తెలుసుకోవాల్సింది, ఇవి ఎవరి పోలికలూ కావు. రాజుకైనా, సేవకుడికైనా, దేవతకైనా దాదాపు ఒకే ముఖం: కోలగా, నిండుగా, దళసరి పెదవులతో, బరువైన రెప్పలతో. ఎవరు ఎవరన్నది తలపాగా చెబుతుంది, చెవి కమ్మలు చెబుతాయి, పక్కనున్న ఏనుగో గొడుగో చెబుతుంది. భావమంతా మెడ వంపులో, తల వాలులో, చేయి ముఖానికి ఎంత దగ్గరగా ఉందన్నదానిలో పెట్టారు. చెక్కిలికి చేయి ఆనితే దుఃఖం. నోటి దగ్గరికి వేళ్లు వస్తే విస్మయం. తల కాస్త ఎత్తి చేతులు జోడిస్తే అక్కడ భక్తి. అదే ముఖం, ఒరిగిన తీరు మారేసరికి వేరే మనిషవుతుంది.

ఇంకో నేర్పు నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. అమరావతి శైలి శిల్పాల్లో కొందరు స్త్రీలు మనకు వీపు పెట్టి మోకాళ్ల మీద ఉంటారు. వాళ్ల ముఖం మనకు కనపడదు. ముఖం చెక్కడం వచ్చిన శిల్పి కావాలని దాన్ని దాచాడు. ఎందుకంటే ఆమె చూస్తున్నవైపే మనమూ చూడాలి. ఆమె వెనక నిలబడ్డ మనం ఆ గుంపులో కలిసిపోతాం. ఫలకం బయట ఉండాల్సిన ప్రేక్షకుణ్ణి లోపలికి లాగిన పద్ధతి ఇది.

ఇంత సున్నితమైన పనికి ఒప్పుకున్నది కృష్ణా లోయ సున్నపురాయి. లేత రంగు, సన్నని రేణువు, ఉలి మాట వినే గుణం. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు నేడు పొడి చేస్తున్నది సున్నపురాయినే.

మిర్యాలగూడ వైపు వస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. ఇక్కడి వరి మళ్లకు నీళ్లిచ్చే నాగార్జునసాగర్ ఎడమ కాలువ వెనక, జలాశయంలో ఒక లోయ మునిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. 1926లో ఆ శిథిలాలు లోకం దృష్టికి వచ్చాయి. ఆనకట్ట కడుతున్నారని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. అదే నేటి నాగార్జునకొండ దీవి మ్యూజియం. విజయపురి శిల్పుల నాటికి బుద్ధుడు మనిషి రూపంలోకి వచ్చేశాడు. పొడుగు దూలాల మీద ఘట్టం పక్కన ఘట్టం పేర్చి, నడుమ స్తంభాల మధ్య చిన్న దంపతుల బొమ్మలు పెట్టి ఒక కథను ఇంకో కథ నుంచి విడదీశారు.

అక్కడ సుందరనందుడి కథ ఉంది. ముఖాల మీదే నడిచే కథ అది. అశ్వఘోషుడి సంస్కృత కావ్యంలో నందుడి భార్య ముఖానికి పత్రరేఖలు దిద్దుకుంటూ ఉంటుంది. అన్నగారైన బుద్ధుణ్ణి కలిసి వస్తానని నందుడు బయల్దేరితే, ఈ తడి ఆరేలోపల వచ్చేయమని పంపుతుంది. అతను రాడు. చెంప మీద ఆరిపోతున్న రంగే ఆ కావ్యంలో గడియారం. తర్వాత బుద్ధుడు అతనికి ఒక కురూపి ఆడకోతిని చూపి, ఆపై స్వర్గంలో అప్సరసలను చూపి, ఎవరు అందగత్తెలని అడుగుతాడు. నాగార్జునకొండ శిల్పి ఆ కోతినీ చెక్కాడు. మాటల్లో చెబితే నీతికథ అనిపించేది రాతిలో మనిషి నలుగుబాటుగా మారింది. సన్యాసానికి నందుడు మనసొప్పి వెళ్లలేదన్న సంగతి దాచకుండా చెప్పడమే ఈ కళ గొప్పదనమని నా నమ్మకం.

ఫణిగిరిలోనూ నాగార్జునకొండలోనూ తలలు విరిగిన విగ్రహాలు చాలా ఉన్నాయి. తల లేకపోయినా వాటిని చదవగలం. పైబట్ట మడతలు, నిలుచున్న తీరు చూస్తే ఎవరో తెలుస్తుంది. కథను ఒక్క ముఖంలోనే బిగించి ఉంటే ఆ దెబ్బతో కథా పోయేది. శిల్పులు దాన్ని శరీరమంతా, గుంపంతా పంచి పెట్టారు.

పోలికలతో పనిలేని ముఖం రాతితో ఆగిపోలేదు. పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి గొల్లలు తరలివచ్చే సూర్యాపేట సీమలో వాళ్ల వీరుడు కాటమరాజు కథ పరాయిది కాదు. ఆ కథ చెప్పే మందహెచ్చులు రంగుల చెక్క బొమ్మలను ముందు నిలిపి పాడతారు. ఆ బొమ్మలు చేసి రంగులద్దేది నకాషీ పనివాళ్లు. వాళ్ల సంప్రదాయంలో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు. పాత్ర ఎవరో రంగు ముందే చెప్పేస్తుంది. కోపం, ఏడుపు కథకుడి గొంతులోంచి వచ్చి ఆ కదలని ముఖం మీద వాలతాయి. శిల్పులకూ వీళ్లకూ వారసత్వం ఉందని నేను అనను. కానీ ముఖాన్ని నిలకడగా ఉంచి భావాన్ని బయటినుంచి తేవడమన్న ఉపాయం ఇద్దరిదీ.

కోదాడ దాటి కొంచెం ముందుకెళ్తే జగ్గయ్యపేట. ఈ శిల్పకళ తొలిరోజులు అక్కడున్నాయి. పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ 1882లో అక్కడి స్తూపాన్ని పరిశీలించాడు. ఆ పలకల్లో చెక్కడం లోతు తక్కువ, శరీరాలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. చక్రవర్తి చేయెత్తితే మేఘాల నుంచి నాణేలు కురిసే పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. తర్వాతి కాలపు మలుపులు, వీపులు, లోతులు అందులో ఇంకా రాలేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్లు నడుమ ఉన్నవాణ్ణి పట్టుకుని నిలబడటం అప్పటికే మొదలైంది.

అదే స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో అయిదు ఆయక స్తంభాలు, అంటే స్తూపం వేదిక మీద నిలిపే స్తంభాలు, ఎత్తించిన శాసనం ఉంది. వాటిని ఇచ్చింది రాజు కాదు. సిద్ధార్థుడనే పనివాడు, మరో పనివాడి కొడుకు. దానఫలంలో తల్లినీ భార్యనూ పిల్లలనూ సోదరుణ్ణీ పేరుపేరునా చేర్చుకుని, సకల ప్రాణుల మేలు కోసం ఇస్తున్నానని రాయించాడు.